పగటివేషాల లెక్క

ముందే చెప్తున్నాం, పోస్టు పొడుగ్గా ఉంటుంది. ఛాయ్ పెట్టుకుని కూర్చోండి. లేఆఫ్ మెయిల్ వచ్చినవాళ్ళు, వస్తుందేమో అని పొద్దున్నే భయం భయంగా ఫోన్ తీసేవాళ్ళు, రాత్రి పిల్లలు పడుకున్నాక ఇంటర్వ్యూలకి చదువుకునేవాళ్ళు... ఇది మీకోసం.

మేం ఉండేది బాతెల్‌లో. "ఒక్క రోజుకొచ్చినా, జీవితాంతం ఉన్నా" అనే అర్థం వచ్చే మాటతో స్వాగతం చెప్పే ఊరు ఇది. హెచ్‌-వన్ మీద ఉన్నవాళ్ళకి ఆ రెండింటి మధ్యా ఇంకో లెక్క ఉంటుంది: 60 రోజులు. ఉద్యోగం పోయిన రోజు నుంచి గరిష్ఠంగా అన్ని రోజులే. ఐ-94 గడువు అంతకంటే ముందే అయిపోతే ఇంకా తక్కువ. అసలు ఆ 60 రోజుల నిబంధన కూడా 2017 జనవరి 17 నుంచే అమల్లోకి వచ్చింది.

పోయిన చలికాలం మా నలుగురిలో ఒకడికి ఆ మెయిల్ వచ్చింది. అందరికంటే చిన్నవాడు, మేం తమ్ముడు అనే పిలుస్తాం, ఇక్కడా అలాగే అంటాం. కరీంనగర్ వాడు. పన్నెండో రోజుకి మొదటి ఇంటర్వ్యూ దొరికింది. ఏ కంపెనీ అన్నది అనవసరం. అడిగిన ప్రశ్న ఇది: బెల్టు మీద పెట్టెలు వరసగా వస్తున్నాయి, ఒక్కో దానికి ఒక్కో బరువు. ఓడ రోజుకి ఒక్కసారే వెళ్తుంది. పెట్టెల వరస మార్చకూడదు. ఇన్ని రోజుల్లో మొత్తం పంపెయ్యాలంటే ఓడ కనీసం ఎంత బరువు మోయగలగాలి?

తమ్ముడు డైనమిక్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టాడు. తప్పేం కాదు, దానితో కూడా వస్తుంది. కానీ పట్టికలు గీస్తూ గీస్తూ నలభై నిమిషాలు గడిచిపోయాయి. ఇంటర్వ్యూ చేసినాయన మధ్యలో ఒక మాట అన్నాడట: "నేను నీకు ఓడ ఇస్తే, అది సరిపోతుందో లేదో చెప్పగలవా?" తమ్ముడికి అర్థం కాలేదు. నన్ను ఓడ ఎంత ఉండాలో అడిగినవాడు, తనే ఓడ ఇస్తానంటాడేంటి అనుకున్నాడు.

ఆ శనివారం బాతెల్ లైబ్రరీలో కూర్చున్నాం. చిన్న సంఖ్యలు పెట్టుకున్నాం. పెట్టెలు వరసగా 4, 7, 3, 6, 5, 8. మూడు రోజులు. ఓడ 8 కంటే చిన్నది పనికిరాదు, ఆ చివరి పెట్టె ఒక్కటే 8 ఉంది. 33 కంటే పెద్దది అక్కర్లేదు, మొత్తం కలిపితేనే 33. జవాబు ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంది. నడిమిది 20 తీసుకుందాం. 4, 7, 3, 6 ఒక రోజు, 5, 8 ఇంకో రోజు. రెండు రోజుల్లో అయిపోయింది, సరిపోతుంది. అంటే 20 కంటే పెద్ద ఓడల గురించి ఇక ఆలోచించక్కర్లేదు. ఇప్పుడు 8కీ 20కీ నడుమ 14. నిండేదాకా ఎక్కిస్తూ పోతే మూడు రోజులు, సరిపోతుంది. 11? నాలుగు రోజులు పడుతుంది, చాలదు. 11 చాలకపోతే 8, 9, 10 కూడా చాలవు, వాటిని చూడక్కర్లేదు. 13? సరిపోయింది. 12? చాలలేదు. జవాబు 13. ఐదు సార్లు అడిగాం, అంతే.

"ఎంత కావాలి" అన్న కష్టమైన ప్రశ్న పక్కన పెట్టి, "ఇంత ఉంటే సరిపోతుందా" అన్న తేలికైన ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడగడం. మొత్తం విద్య ఇదే. పోటీ ప్రోగ్రామింగ్ వాళ్ళు దీన్ని జవాబు మీద బైనరీ సెర్చ్ అంటారు. పట్టికలో ఉన్న పేరు వెతకడం కాదిది, ఇంకా తెలియని జవాబునే వెతకడం.

మాలో గుంటూరు అన్న వెంటనే అన్నాడు, "ఇది మా నాన్న చేసేవాడు కదరా." ఆయన నాన్నగారు కరెంటు లైన్‌మ్యాన్. గాలివానకి లైను ఎక్కడో పోతే, స్తంభం స్తంభం ఎక్కి చూడరు. నడిమి స్విచ్ తెరిచి ఇవతలి సగానికి కరెంటు ఇచ్చి చూస్తారు. నిలబడితే తప్పు అవతల ఉంది. మళ్ళీ అందులో సగం. ఆయనకి ఎవరూ అల్గారిథం అని చెప్పలేదు.

అక్కడి నుంచి మాకు పిచ్చి పట్టింది. ఇది ఎవరు మొదలుపెట్టారు, ఇంటర్వ్యూలదాకా ఎలా వచ్చింది అని తవ్వుకుంటూ పోయాం. ఉద్యోగం పోయినవాడిని పక్కన పెట్టుకుని చరిత్ర చదువుతారా అని మా ఇళ్ళల్లో తిట్టారు కూడా. కానీ తమ్ముడికి అదే ఉపయోగపడింది. ఎలాగో తర్వాత చెప్తాం.

సగం సగం చేసి పట్టుకోవడం కంప్యూటర్ల కంటే చాలా పాతది. 1817లో ప్రాగ్ నగరంలో బోల్జానో అనే ఆయన, ఒక వక్రరేఖ సున్నాకి కిందనుంచి పైకి వెళ్తే మధ్యలో ఎక్కడో సున్నాని తాకి తీరాలి అని నిరూపించాడు. ఆ నిరూపణలో ఆయన వాడింది ఇదే, గీతని సగం చేసి, ఏ సగంలో ఉందో చూసి, మళ్ళీ సగం చేయడం. ప్రాగ్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

కంప్యూటర్ల లోకంలో దీని మాట మొదట వినిపించింది 1946లో. ఎనియాక్ కట్టిన ఇద్దరిలో ఒకరైన జాన్ మాచ్లీ, ఆ ఎండాకాలం ఫిలడెల్ఫియాలోని మూర్ స్కూల్లో ఇచ్చిన ఉపన్యాసంలో ప్రస్తావించాడు. వినడానికి చిన్న పిల్లల ఆట. కానీ పట్టికలో ఎన్ని అంశాలున్నా పనిచేసే పద్ధతి అచ్చులోకి వచ్చింది 1960లో, లేమర్ రాసింది. మాచ్లీ చెప్పిన 14 ఏళ్ళకి! అప్పటిదాకా 7, 15, 31 లాంటి అనుకూలమైన సంఖ్యలకే రాసుకుంటూ వచ్చారు. ఈ సంగతి కనూత్ తన పెద్ద పుస్తకం మూడో సంపుటంలో రాశాడు. ఆలోచన తేలిక, వివరాలే ముంచుతాయి అని ఆయన మాట సారాంశం.

ముంచుతాయంటే మామూలుగా కాదు. జాన్ బెంట్లీ బెల్ ల్యాబ్స్‌లోనూ ఐబీఎంలోనూ పాఠాలు చెప్తూ, పనిచేసే ప్రోగ్రామర్లకి ఇదే ఇచ్చాడు, రెండు గంటల టైం. నూటికి తొంభై మంది రాసినదాంట్లో తప్పులు దొరికాయి. 1988లో రిచర్డ్ పాటిస్ 20 పాఠ్యపుస్తకాలు తిరగేస్తే, సరిగా ఉన్నవి ఐదే. ఇంకా తమాషా 2006లో బయటపడింది. జావా లైబ్రరీలో ఉన్న బైనరీ సెర్చ్ రాసిన జాషువా బ్లాక్ స్వయంగా ఒప్పుకున్నాడు, తన కోడ్‌లో తొమ్మిదేళ్ళుగా ఒక బగ్ కూర్చుని ఉందని. లో, హై రెండూ కూడి రెండుతో భాగిస్తే, ఆ కూడిక 2,147,483,647 దాటినప్పుడు రుణసంఖ్య అయిపోతుంది. అందుకే లో + (హై − లో) / 2 అని రాయాలి. ఆ బగ్ బెంట్లీ పుస్తకంలోనూ ఉంది. బ్లాక్ ఒకప్పుడు ఆయన పాఠం విన్న విద్యార్థే.

ఇది చదివాక తమ్ముడి మొహంలో మొదటిసారి కొంచెం రంగు వచ్చింది. వాళ్ళే తప్పులు రాశారు, నేనెంత అన్నాడు. మేం కూడా ఏం అనలేదు, అననిచ్చాం.

సరే, ఇదంతా పట్టికలో వెతకడం కథ. జవాబునే వెతకడం ఎప్పుడు మొదలైంది? మాకు తెలిసినంతలో బాగా నచ్చిన మజిలీ 1978. కాఫ్‌మన్, గారీ, జాన్సన్ అనే ముగ్గురు మల్టీఫిట్ అనే పద్ధతి రాశారు. కొన్ని యంత్రాలున్నాయి, కొన్ని పనులున్నాయి, అన్ని పనులూ ఎంత తొందరగా అవుతాయి అన్నది ప్రశ్న. వాళ్ళు ఒక గడువు ఊహించి, యంత్రాలన్నీ ఆ గడువంత సైజున్న సంచులు అనుకుని, పెద్ద పనుల నుంచి మొదలుపెట్టి సంచుల్లో కుక్కి చూశారు. పడితే గడువు తగ్గించు, పడకపోతే పెంచు. ఆ మరుసటి ఏడు, 1979లో, నిమ్రోద్ మెగిడ్డో ఈ "సరిపోతుందా" ప్రశ్ననే ఇంకా లోతుగా తీసుకెళ్ళాడు, దానికి పారామెట్రిక్ సెర్చ్ అని పేరు వచ్చింది. అది మాకు సగమే అర్థమైంది, దాని జోలికి పోం.

మల్టీఫిట్ దగ్గర ఒక జాగ్రత్త ఉంది, మనవాళ్ళు ఇంటర్వ్యూల్లో తరచూ జారేది ఇక్కడే. ఇంటి నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులు సర్దుతాం కదా. ఒక్కోటి 23 కిలోలు దాటకూడదు. ఆవకాయ డబ్బా ఇందులోంచి అందులోకి, కుక్కర్ అందులోంచి ఇందులోకి, అమ్మ వేలాడే త్రాసు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఇక్కడ వరస లేదు, ఏది ఎందులోనైనా పెట్టొచ్చు. ఈ సామాను ఈ నాలుగు పెట్టెల్లో పడుతుందా అన్నదే కష్టమైన ప్రశ్న. ఎన్ని వస్తువులకైనా త్వరగా, ఖచ్చితంగా చెప్పే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. అందుకే మల్టీఫిట్ వాళ్ళు ఉజ్జాయింపుగా కుక్కి, అది అసలైన జవాబుకి దాదాపు 1.22 రెట్లు మించదు అని చూపించి ఊరుకున్నారు. ఓడ ప్రశ్నలో "వరస మార్చకూడదు" అన్న ఒక్క మాటే ప్రాణం పోసింది. వరస ఉంటే నిండేదాకా ఎక్కించడమే, వేరే దారి లేదు. బైనరీ సెర్చ్ అడిగే ప్రశ్నల సంఖ్యనే తగ్గిస్తుంది. ఒక్కో ప్రశ్నకి జవాబు చెప్పే కష్టం మనదే.

ఇక పోటీల సంగతి. కాలేజీ ప్రోగ్రామింగ్ పోటీ 1970లో టెక్సాస్‌లో పుట్టి, ఐసీపీసీ అయి ప్రపంచమంతా పాకింది. 1998లో దాని మధ్య యూరప్ పోటీ జరిగింది. ఎక్కడో చెప్పండి? ప్రాగ్‌లో! బోల్జానో ఊళ్ళోనే. అందులో ఒక ప్రశ్న: అచ్చుయంత్రం లేని రోజుల్లో పుస్తకాలు చేత్తో రాసి ఎత్తే లేఖకులు ఉండేవారు. బీరువాలో వరసగా ఉన్న పుస్తకాలని ఇంతమంది లేఖకులకి పంచాలి, ఒక్కొక్కరికి పక్కపక్క పుస్తకాలే ఇవ్వాలి. అందరికంటే ఎక్కువ పేజీలు రాసేవాడి భారం వీలైనంత తక్కువ ఉండాలి.

గుర్తుపట్టారా? పుస్తకం బదులు పెట్టె, లేఖకుడి బదులు రోజు, పేజీల బదులు బరువు. తమ్ముడిని అడిగిన ప్రశ్నే! 2001లో మొదలైన టాప్‌కోడర్‌లో ఇదే లెక్క ఫైళ్ళ బీరువాలు, గుమాస్తాల వేషం వేసుకుని వచ్చింది. ఫెయిర్‌వర్క్‌లోడ్ అని దాని పేరు. తర్వాత మన ఇండియా సైట్లలో గోడలకి రంగులు వేసే పెయింటర్లుగా, పిల్లలకి పుస్తకాలు పంచేదిగా వచ్చింది. లీట్‌కోడ్‌లో 410వ నంబరు ప్రశ్న ఇదే, 1011వది ఓడ వేషం. 875లో కోతి అరటిపళ్ళు తింటుంది, అది కొంచెం వేరు, కానీ అడగాల్సింది అదే: గంటకి ఇన్ని తింటే సరిపోతుందా?

మా చిన్నప్పుడు ఊళ్ళోకి పగటివేషగాళ్ళు వచ్చేవాళ్ళు. ఒకరోజు రాముడు, ఒకరోజు పోలీసు, ఇంకోరోజు సోది చెప్పే అమ్మ. ఆఖరి రోజు మామూలు చొక్కాలో వచ్చి సంభావన అడిగేవాళ్ళు. అప్పుడు తెలిసేది, అన్ని రోజులూ వచ్చింది ఒకడేనని. తమ్ముడు ఆ శనివారం లైబ్రరీ నుంచి బయటికి వచ్చి, బాతెల్ ల్యాండింగ్ పార్కులో నది ఒడ్డున నడుస్తూ ఐదు ప్రశ్నలూ వేళ్ళ మీద లెక్కపెట్టి, "అన్నా, అన్నీ ఒకడే కదా" అన్నాడు. చరిత్ర చదవడం ఉపయోగపడిందని అన్నామే, అది ఇదే. వంద ప్రశ్నలు బట్టీ పట్టేకంటే ఒక్కడి మొహం ఎరగడం నయం. (ఆ నది సమామిష్. ఒకప్పుడు ఇక్కడిదాకా పడవలు నడిచేవట. 1916లో ఓడల కాలువ కోసం వాషింగ్టన్ సరస్సు మట్టం దాదాపు 9 అడుగులు దించేసరికి ఇక్కడా నీళ్ళు తగ్గిపోయాయి. ఎక్కడో దూరంగా ఎవరో గేటు దించితే ఇక్కడ మన పడవ నేల తాకుతుంది. సరే, లెక్కలోకి వద్దాం.)

ముప్పయ్యో రోజు దాటాక రెండో ఇంటర్వ్యూ. ఈసారి వచ్చింది ఆవులు. పోటీ ప్రోగ్రామింగ్ చేసినవాళ్ళకి ఆవులంటే తెలుసు. అమెరికా ఒలింపియాడ్ వాళ్ళ ప్రశ్నల్లో ఫార్మర్ జాన్, ఆయన ఆవులు ఎప్పుడూ ఉంటారు. 2005 ఫిబ్రవరి పోటీలో వచ్చిందీ కోపిష్టి ఆవుల లెక్క. పోలండ్ వాళ్ళ స్పోజ్ సైట్‌లోకి చేరాక మన ఇండియాలో దీన్ని చేయకుండా ఈ విద్య నేర్చుకున్నవాళ్ళు తక్కువ. గీత మీద కొట్టాలు ఉన్నాయి, ఆవులు ఒకదాన్నొకటి కుమ్ముకోకుండా దూరం దూరంగా కట్టాలి. అన్నిటికంటే దగ్గరగా ఉన్న రెండావుల మధ్య దూరం గరిష్ఠంగా ఎంత ఉండొచ్చు? 1, 2, 4, 8, 9 దగ్గర కొట్టాలు, మూడు ఆవులు అనుకోండి. దూరం 3 కుదురుతుందా? 1, 4, 8 దగ్గర కట్టేస్తాం, కుదురుతుంది. 4 కుదురుతుందా? 1, 8, ఆ తర్వాత చోటు లేదు. జవాబు 3. అసలు ప్రశ్నలో లక్ష కొట్టాలు, వంద కోట్ల దాకా స్థానాలు. అయినా వంద కోట్లని సగం సగం చేస్తే 30 ప్రశ్నలే. ఒక్కో ప్రశ్నకి లక్ష కొట్టాలూ ఒకసారి నడిస్తే మొత్తం 30 లక్షల అడుగులు. కంప్యూటర్‌కి రెప్పపాటు.

తమ్ముడు మొహం గుర్తుపట్టాడు. చకచకా రాశాడు. రన్ చేస్తే ఆగలేదు. తిరుగుతూనే ఉంది.

ఏమైందంటే, ఓడలో మనకి కావాల్సింది కనిష్ఠం, ఆవుల్లో గరిష్ఠం. అక్కడ "సరిపోతే" హైని మిడ్‌కి దించుతాం. ఇక్కడ "కుదిరితే" లోని మిడ్‌కి పెంచుతాం. లో 3, హై 4 అయినప్పుడు భాగహారం కిందికే సర్దుతుంది కాబట్టి మిడ్ కూడా 3. కుదిరింది, లో మళ్ళీ 3. ఎప్పటికీ అంతే. గరిష్ఠం వెతికేటప్పుడు మిడ్‌ని పైకి సర్దాలి, లో + (హై − లో + 1) / 2 అని. ఒక్క ఒకటి! కనూత్ చెప్పిన వివరాలు, బెంట్లీ తొంభై మంది, అన్నీ చదివినవాడే ఆ ఒక్కటి దగ్గర పడ్డాడు. రిజెక్ట్ మెయిల్ మూడు రోజులకి వచ్చింది.

ఆ రాత్రి మేం తనని ఏమీ చదివించలేదు. పప్పుచారు పెట్టుకుని తిన్నాం. తర్వాత తనే కాగితం తీసి, రెండే అంశాలున్నప్పుడు ఏమవుతుందో చేత్తో వేసుకున్నాడు. అప్పటి నుంచి మా అందరికీ అదే అలవాటు. లో, హై పక్కపక్కన ఉన్న చోట ఆగి చూడకుండా ఎవరూ రన్ కొట్టం.

ఇంకో మాట చెప్పుకోవాలి, మాలో మేం చాలాసార్లు అనుకున్నది. మాలో ఇద్దరం అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ తిరిగి జావా, టెస్టింగ్ నేర్చుకుని వచ్చినవాళ్ళం. మాకు అక్కడ ఆవులూ లేవు, లేఖకులూ లేరు. అదే వయసులో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ దగ్గర ఒలింపియాడ్ శిక్షణ తీసుకున్నవాళ్ళకీ, 2009లో కోడ్‌చెఫ్ వచ్చాక నెలనెలా పదిరోజుల పోటీల్లో రాత్రుళ్ళు కూర్చున్నవాళ్ళకీ ఇవన్నీ మంచినీళ్ళు. మేం పదేళ్ళుగా నడుపుతున్న సిస్టంలలో ఈ లెక్క ఒక్కసారి కూడా చెయ్యలేదు. అయినా పోటీల కోసం పుట్టిన ప్రశ్న మన వీసాకి కాపలాదారు అయి కూర్చుంది. ఇది న్యాయమా అంటే మాకైతే అనిపించదు. పద్ధతి మాత్రం అందమైనదే, దాని మీద కోపం లేదు.

పద్ధతి ఎక్కడ పనిచెయ్యదో కూడా చెప్పాలి. ఒకసారి "సరిపోతుంది" అయ్యాక అక్కడి నుంచి పైకి అంతా సరిపోతూనే ఉండాలి, ఆ దిక్కు తప్పకూడదు. పెద్ద ఓడ ఎప్పుడూ చిన్న ఓడ కంటే చేతకానిది కాదు, అందుకే నడిచింది. ఒకప్పుడు అవును, తర్వాత కాదు, మళ్ళీ అవును అయ్యే చోట సగం పారేస్తే జవాబునే పారేసినట్టు. తమ్ముడు జీతం అడిగే దగ్గర ఇది వాడదామని చూశాడు. తక్కువ అడిగితే తప్పకుండా ఇస్తారు కదా, అక్కడి నుంచి సగం సగం పెంచుదాం అని. తక్కువ అడిగితే అనుమానపడి వద్దన్నవాళ్ళూ ఉన్నారు. అక్కడ దిక్కు లేదు.

మూడో ఇంటర్వ్యూలో ఈ లెక్క రానే లేదు, గ్రాఫులు అడిగారు. నాలుగోదాంట్లో వచ్చింది, ఇంకో వేషంలో. తమ్ముడు ముందు "నేను ఇంత అనుకుంటే సరిపోతుందా అని చెక్ చేస్తాను" అన్నాడట. అవతలాయన తల ఊపాడట. యాభై రెండో రోజు ఆఫర్, యాభై ఏడో రోజు ట్రాన్స్‌ఫర్ పిటిషన్ పడింది. వేరే రాష్ట్రం, పాత జీతం కంటే తక్కువ. వెళ్ళే ముందు రోజు కాన్యన్ పార్క్ దగ్గర వాడి అపార్ట్‌మెంట్‌లో కూర్చుని రెండు సూట్‌కేసులు సర్దాం. ఒకటి 25 కిలోలు, ఇంకోటి 19. కుక్కర్ మారిస్తే 21, 23. మూతలు వేశాం.

శనివారాలు మేం మాత్రం కూర్చుంటూనే ఉన్నాం, ఇప్పుడు ముగ్గురం, తమ్ముడు వీడియోలో. ఈ వారం లెక్క: రోడ్డు మీద 0, 10, 34, 60 మైళ్ళ దగ్గర పెట్రోల్ బంకులు ఉన్నాయి. ఇంకో మూడు కట్టొచ్చు, సరిగ్గా మైలు రాయి దగ్గరే. పక్కపక్క బంకుల మధ్య అతి పెద్ద దూరం వీలైనంత తగ్గాలి. జవాబు 12, మేమే చెప్పేస్తున్నాం. కోడ్ పెట్టకండి. 11 ఎందుకు చాలదో, 12 ఎందుకు సరిపోతుందో కింద రాయండి, చాలు.